ఆ వేలిముద్ర ఎవరిది?

మా అక్కావాళ్ల కొత్తింటి గృహప్రవేశానికి మా మేనల్లుడు ఆహ్వానం పంపాడు. కార్డు కాదు, వీడియో. 40 సెకన్లు. అందులో అక్కా బావా మట్టిబొమ్మలై పాలు పొంగిస్తుంటారు, చుట్టూ మట్టి చుట్టాలు చప్పట్లు కొడుతుంటారు. కింద మెసేజ్: "క్లే స్టైల్ మావయ్యా, నీకిష్టం కదా! ఏఐతో పది నిమిషాల్లో లేపేశా." ఆ పదిలో ఏడు నిమిషాలు బావ మీసం కుదరకే పోయాయట.

నాకిష్టమే. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఆర్డ్‌మన్ స్టూడియో వాళ్లు తీసే క్లే సినిమాల (మట్టిబొమ్మల్ని రవ్వంత కదపడం, ఫొటో తియ్యడం, మళ్లీ కదపడం) గురించి నేను పెళ్లి భోజనాల్లో కూడా మొదలెడతానని, పక్కవాళ్లు పెరుగు వడ్డించకముందే లేచిపోతారని మా ఇంట్లో అందరికీ తెలుసు. వాటిలో నా హీరోలు ఇద్దరు: వాలెస్ అనే చీజ్ పిచ్చోడు, గ్రోమిట్ అనే అతని కుక్క. మా మేనల్లుడు పాపం ప్రేమతోనే చేశాడు. అయినా నాకు ఒళ్లు మండింది. ఎందుకో చెప్తాను గానీ ముందు న్యాయంగా మాట్లాడుకుందాం.

న్యాయంగా చూస్తే బ్రిస్టల్ వాళ్లది శుద్ధ దండగ పని. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 ఫొటోలు. బొమ్మని ఒకసారి కదిపి రెండేసి ఫ్రేములు తీసుకున్నా సెకనుకి 12 సార్లు ముట్టుకోవాలి. అరగంట సినిమాకి 21,600 సార్లు, అదీ తెర మీద ఒక్క బొమ్మే ఉంటే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుం వంచితే ఒక యానిమేటర్‌కి దక్కేది కొన్ని సెకన్లు. వాలెస్‌నీ గ్రోమిట్‌నీ పుట్టించిన నిక్ పార్క్ అనే ఆయన ఫిల్మ్ స్కూల్లో ఉండగా 1982లో మొదలెట్టిన 'ఎ గ్రాండ్ డే అవుట్' 1989కి గానీ బయటపడలేదు. ఇరవై చిల్లర నిమిషాల సినిమా. కథేమిటయ్యా అంటే ఇంట్లో చీజ్ అయిపోయింది, చంద్రుడు చీజే కదా, రాకెట్ కట్టుకుని వెళ్లి తెచ్చుకుందాం. అంతే. ఆ ఏడేళ్లలో మనవాడైతే ఇంజినీరింగ్ చేరి, బ్యాక్‌లాగులన్నీ రాసేసి, పెళ్లి చేసుకుని, పిల్లాణ్ణి నర్సరీలో వేసి, ఆ ఫీజు ఈఎంఐ కూడా కట్టేస్తాడు.

కాబట్టి ఈ వృథాని అరికట్టడానికి మా మేనల్లుణ్ణి బ్రిస్టల్‌కి కన్సల్టెంట్‌గా పంపాలని నేను సీరియస్‌గా ప్రతిపాదిస్తున్నాను. మెడలో ఐడీ కార్డు, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు. లోపలికెళ్లగానే ఒకమ్మాయి బల్ల మీద వంగి ఉంటుంది. కుక్క కనుబొమ్మని వేలితో రవ్వంత పైకి తోస్తుంది. వెనక్కి జరుగుతుంది. క్లిక్. మళ్లీ వంగుతుంది. రవ్వంత. క్లిక్.

"ఏం జరుగుతోందండీ?"

"గ్రోమిట్‌కి అనుమానం వస్తోంది."

"ఎప్పటికి వస్తుంది?"

"లంచ్‌కి సగం వస్తుంది. సాయంత్రానికి పూర్తిగా అనుమానిస్తాడు."

"ఓ నోరు పెట్టేస్తే 'నాకేదో తేడాగా ఉంది' అని ఒక్క డైలాగుతో తేలిపోతుంది కదండీ!"

మంచి పాయింటే. నిజానికి గ్రోమిట్ మాట్లాడాలనే మొదట అనుకున్నారు. కానీ ఆ చంద్రుడి సినిమాలోనే ఒక షాట్‌లో కుక్క తలుపుచెక్క కింద ఇరుక్కుని ఉంటుంది. నోటి దాకా చెయ్యి పెట్టడం కష్టమై నిక్ పార్క్ ఉత్త కళ్లూ చెవులూ నుదురూ కదిపి చూశాడు. సరిపోయింది. ఇక ఆ కుక్కకి నోరే పెట్టలేదు. (మన హీరోల్లో కొందరికి అలాంటి తలుపుచెక్క ఒకటి అర్జెంటుగా కావాలి. పేర్లు చెప్పను, మీకు తెలుసు.)

మావాడు పక్క బల్లకి జరుగుతాడు. అక్కడ వాలెస్ "వెన్స్‌లీడేల్" అని చీజ్ పేరు పలుకుతున్నాడు, మూతి ఈ చెవి నుంచి ఆ చెవి దాకా సాగుతోంది. "బ్రాండ్ టై-అప్ ఎంతకి కుదిరింది?" అంటాడు మావాడు. ఏమీ లేదు నాయనా, ఆ పేరు పలికిస్తే పళ్లన్నీ కనబడతాయని పెట్టుకున్నారు. దాంతో యార్క్‌షైర్‌లో కష్టాల్లో ఉన్న ఆ చీజ్ తయారీదారులకి గిరాకీ పెరిగింది. నోట్స్‌లో రాసుకుంటాడు: మార్కెటింగ్ స్ట్రాటజీ నిల్.

ఆ తర్వాత 'ది రాంగ్ ట్రౌజర్స్', 1993, ఆస్కార్ వచ్చింది. అందులో ఫెదర్స్ మెక్‌గ్రా అనే పెంగ్విన్. రెండు నల్లపూసల్లాంటి కళ్లు తప్ప మొహంలో ఇంకేం లేదు. వజ్రం కొట్టేసే దొంగ. ఎర్ర రబ్బరు గ్లవ్ నెత్తిన పెట్టుకుంటే చాలు, అందరూ కోడి అనుకుంటారు. "ఈయన యాక్టింగ్ ఏదండీ?" అదే నాయనా. ఆఖర్న ఇంట్లోనే బొమ్మ రైళ్ల మీద ఛేజింగ్. పట్టాలు అయిపోతుంటే గ్రోమిట్ పెట్టెలోంచి ఒక్కో ముక్కా తీసి, పరిగెడుతున్న రైలు మీదే కూర్చుని, దాని ముందు పరుచుకుంటూ పోతాడు. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ప్రతిసారీ ఈసారి పట్టాలు చాలవేమోనని టెన్షన్. మావాడు మాత్రం తల అడ్డంగా ఊపుతాడు: "ప్లానింగ్ లేదండీ. ట్రాక్ మొత్తం ముందే వేసేసుంటే ఈ ఇబ్బంది ఉండేదా?"

పెంగ్విన్‌ని చివరికి జూలో వేశారు. మళ్లీ బయటికొచ్చింది 2024లో, 'వెంజెన్స్ మోస్ట్ ఫౌల్'లో. 31 ఏళ్లు! మన సీరియల్లో విలన్ అయితే శుక్రవారానికల్లా బెయిల్ మీద వచ్చేస్తుంది. ఆ సినిమాలో ఇంకోటుంది, మావాడు తప్పకుండా చూడాల్సింది. గ్రోమిట్ ఇష్టంగా పెంచుకునే తోట పని తేలిక చెయ్యడానికి వాలెస్ నార్‌బాట్ అనే మరగుజ్జు రోబోని తయారుచేస్తాడు. అది నిమిషాల్లో తోటంతా నీట్‌గా, గీత గీసినట్టు, క్షవరం చేసి పారేస్తుంది. కుక్క తల నిమరడానికి కూడా వాలెస్ దగ్గర ఒక మిషన్ ఉంది. ఆ మిషన్ చెయ్యి తల మీద పడుతున్నప్పుడు గ్రోమిట్ మొహం చూడండి. నోరు లేదు కాబట్టి బతికిపోయాం.

సరే, వీడియో దగ్గరికి వద్దాం. ఈ సినిమాల్లో దగ్గర్నుంచి చూస్తే బొమ్మల మీద వేలిముద్రలు కనిపిస్తాయి. వాలెస్ బుగ్గ మీద ఎవరి బొటనవేలి గీతలో. వాటిని పూర్తిగా చెరిపెయ్యాలని వాళ్లకి లేదు, అలా వదిలేస్తారు. నాకెందుకో అనుమానమొచ్చి మావాడి వీడియో ఆపి, జూమ్ చేశాను. బావ బుగ్గ మీద వేలిముద్ర. అక్క చీర కుచ్చిళ్ల మీద వేలిముద్ర. ఫోన్ చేశాను.

"ఆ వేలిముద్ర ఎవరిదిరా?"

"ఎవరిదీ కాదు మావయ్యా. స్టైల్ అది, దానంతటదే వేస్తుంది."

దానంతటదే వేస్తుందట! ఎవడో నడుం పడిపోయేలా రోజంతా నిలబడి, ఊపిరి బిగబట్టి ఒక కనుబొమ్మ కదిపితే పడిన గుర్తురా అది. పనితనం అక్కర్లేదు, పని చేసిన గుర్తు మాత్రం కావాలి. చెమట చుక్కలు సీసాలో పోసి అమ్మితే కొనుక్కుని నుదుటి మీద చల్లుకుంటారా మీరు?

ఆ వీడియోలో మా అమ్మ కూడా ఉంది. పోయి మూడేళ్లయింది, అమ్మమ్మ లేకుండా ఎలాగని వాడు ఆవిణ్ణీ పెట్టాడు. దానికి నేనేమీ అనను, చూసి ఏడ్చాను కూడా. కానీ ఆవిడ చేతి మీదా ఓ వేలిముద్ర, గుండ్రంగా, గీత గీతా లెక్కపెట్టేంత స్పష్టంగా. మా అమ్మకి సంతకం రాదు. జీవితమంతా వేలిముద్రే. మిరపకాయ కోతలూ అంట్లూ పిడకలూ, అన్నీ చేసీ చేసీ ముద్రలు అరిగిపోయాయి. రేషన్ మిషన్ మీద బొటనవేలు పెడితే పడదు. చూపుడువేలు పడదు. కొంగుతో తుడుచుకుని ఎడం చెయ్యి పెట్టేది, పడేది కాదు. వెనక లైన్లో వాళ్లు విసుక్కునేవాళ్లు. "రేపు రామ్మా" అనేవాడు డీలరు. రేపు మళ్లీ అదే. ఆ చేతికి, ఒరే, ఆ చేతికి పది నిమిషాల్లో ఎవడిదో, ఎవడిదీ కానిదో ముద్ర అంటించి స్టైల్ అంటావా?

ఫోన్లో ఇవేవీ అనలేదు. బాగుందిరా అన్నాను. కానీ రాత్రి నిద్ర పట్టక, పదకొండింటికి లేచి ఫ్యామిలీ గ్రూపులో ఒక్క లైను పెట్టాను: "వీడియోలో అమ్మ చేతి మీద ఆ వేలిముద్ర ఎవరిది?"

పొద్దున లేచి చూస్తే పద్నాలుగు మంది జవాబిచ్చారు. అందరూ బొటనవేలు పైకెత్తిన బొమ్మే పెట్టారు.