సరిదిద్దిన లోపం పరికరానికి చేరేదెప్పుడు?

రౌటర్ సెట్టింగులు మార్చుకోవడానికి బ్రౌజర్‌లో దాని చిరునామా కొట్టినప్పుడు కనిపించే పేజీని ఆ రౌటర్ లోపలే నడుస్తున్న ఒక చిన్న వెబ్ సర్వర్ పంపుతుంది. నిఘా కెమెరాలలో, ప్రింటర్లలో, డేటా సెంటర్‌లోని యంత్రాలను దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే బేస్‌బోర్డ్ కంట్రోలర్లలో కూడా ఇలాంటిదే ఉంటుంది. కొద్దిపాటి మెమరీతో నెట్టుకురావలసిన ఈ పరికరాలలో అపాచీ వంటి భారీ సర్వర్‌కు చోటుండదు కనుక తయారీదారులు లైట్‌టీపీడీ, గోఅహెడ్, బోవా, రోమ్‌పేజర్ వంటి తేలికపాటి సాఫ్ట్‌వేర్‌ను వాడుతూ వచ్చారు.

కోడ్ తక్కువగా ఉంటే తప్పులూ తక్కువగా ఉంటాయన్న నమ్మకం ఈ ఎంపికకు తోడైంది. అందులో సగమే నిజముంది. ఈ సర్వర్లలో చాలావరకు సీ భాషలో రాసినవే. మెమరీ హద్దులను ప్రోగ్రామరే చూసుకోవాలి. ముక్కూమొహం తెలియని వారు పంపే హెడర్లనూ (అభ్యర్థన గురించిన వివరాలు), ఫైల్ దారులనూ, కుకీలనూ (బ్రౌజర్ దాచుకుని తిరిగి పంపే చిన్న సమాచారపు ముక్కలు) విడదీసి చదివే పని మాత్రం పెద్ద సర్వర్‌కు ఎంత కష్టమో చిన్న సర్వర్‌కూ అంతే కష్టం. పైగా ఇలాంటి పరికరాలలో వెబ్ సర్వర్ తరచుగా రూట్ అధికారాలతోనే, అంటే పరికరంలో ఏదైనా చేయగల పూర్తి హక్కులతోనే నడుస్తుంది కాబట్టి, అది లొంగిపోతే పరికరమంతా లొంగిపోయినట్టే.

2017లో బయటపడిన గోఅహెడ్ లోపాన్ని వాడుకోవడానికి దాడిదారు మెమరీని పాడుచేయవలసిన అవసరం కూడా రాలేదు. 3.6.5కు ముందు వెర్షన్లలో ఈ సర్వర్ ఏదైనా సీజీఐ ప్రోగ్రామును (పేజీని తయారుచేయడానికి సర్వర్ విడిగా నడిపే ప్రోగ్రాము) మొదలుపెట్టేటప్పుడు, సందర్శకుడు పంపిన పారామీటర్లను వడకట్టకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా (ప్రోగ్రాము ఎలా నడవాలో చెప్పే విలువలుగా) మార్చి దానికి అందించేది. ఏ లైబ్రరీని ముందుగా లోడ్ చేయాలో లినక్స్‌కు చెప్పే వేరియబుల్‌ను దాడిదారు అలా పంపి, తన లైబ్రరీని అదే అభ్యర్థనలో జతచేస్తే, పరికరం దాన్ని స్వయంగా నడిపేది. సీజీఐ తెరిచి ఉండడం, ఆ ప్రోగ్రాము డైనమిక్‌గా లింక్ అయి ఉండడం (నడిచేటప్పుడు లైబ్రరీలను బయటి నుంచి లోడ్ చేసుకోవడం) మాత్రమే ఇందుకు కావలసిన షరతులు.

అయినా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది లోపాలు ఉండడం కాదు, వాటిని సరిదిద్దిన తర్వాత జరిగేది. 2014 డిసెంబరులో చెక్ పాయింట్ సంస్థ 'మిస్‌ఫార్చ్యూన్ కుకీ' అనే లోపాన్ని ప్రకటించింది. ప్రత్యేకంగా రూపొందించిన ఒక కుకీని రోమ్‌పేజర్ సర్వర్‌కు పంపితే రౌటర్ దాడిదారు చేతికి చిక్కేది; ప్రమాదంలో ఉన్న పరికరాలు కనీసం కోటీ 20 లక్షలని ఆ సంస్థ లెక్కగట్టింది. రోమ్‌పేజర్ తయారీదారు అలెగ్రో ఆ లోపాన్ని 2005లోనే సరిచేసింది! సర్వర్ రాసినవారి నుంచి చిప్ తయారీదారుకు, అక్కడి నుంచి రౌటర్ కంపెనీకి, ఆపై ఇంటర్నెట్ సేవల సంస్థకు, చివరికి ఇంటికి చేరవలసిన సవరణ తొమ్మిదేళ్లయినా దారిలోనే ఉండిపోయింది.

లైట్‌టీపీడీ విషయంలోనూ అదే జరిగింది. 2018లో వచ్చిన 1.4.51 వెర్షన్‌లో దాని నిర్వాహకులు ఒక లోపాన్ని సరిచేశారు, కానీ దానికి సీవీఈ నంబరు (బయటపడిన భద్రతా లోపాలను గుర్తించడానికి ఇచ్చే సంఖ్య) తీసుకోలేదు. ఇంటెల్, లెనోవోల సర్వర్ పరికరాలలో అదే లోపం ఇంకా ఉందని 2024 ఏప్రిల్‌లో బైనార్లీ సంస్థ వెల్లడించింది. హద్దు దాటి మెమరీని చదివించే ఆ లోపం ఒక్కటే పరికరాన్ని దాడిదారు వశం చేయలేదు. దాడిదారు ఊహించలేకుండా మెమరీ చిరునామాలను యాదృచ్ఛికంగా అమర్చే రక్షణను ఛేదించడానికి మాత్రం పనికివస్తుంది. ఆ పరికరాల మద్దతు గడువు ముగిసింది కనుక సవరణ ఇవ్వబోమని కంపెనీలు తెలిపాయి. లోపాన్ని వెంటనే సరిదిద్దిన నిర్వాహకులను తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే వందలాది భాగాలతో ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) కూర్చే కంపెనీలు సీవీఈ నంబర్ల ఆధారంగానే ఏ సవరణ అత్యవసరమో తేల్చుకుంటాయి కాబట్టి, నంబరు లేని సవరణ వాటి కంట పడే అవకాశం చాలా తక్కువ.

బోవాకైతే సరిదిద్దేవారే లేరు. దాని అభివృద్ధి 2005లో ఆగిపోయింది. అయినా చిప్ తయారీదారుల అభివృద్ధి కిట్‌లలో అది కొనసాగింది. 2022 నవంబరులో మైక్రోసాఫ్ట్, ఒక్క వారంలో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న 10 లక్షలకు పైగా బోవా సర్వర్ భాగాలను గుర్తించినట్టు తెలిపింది.

అందువల్ల పరికరంలో ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌లో ఉందో చెప్పే జాబితా, భద్రతా సవరణలు ఎప్పటివరకు వస్తాయో చెప్పే తేదీ, రెండూ చట్టం ద్వారానే రావాలని నా అభిప్రాయం. సవరణల కనీస గడువును ప్రకటించాలన్న నిబంధన బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ సైబర్ రెసిలియన్స్ చట్టం మరింత ముందుకెళ్లి, సాఫ్ట్‌వేర్ భాగాల జాబితాను తయారుచేసే బాధ్యతను తయారీదారుపై పెట్టింది. దాని ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. అంతకుముందే మార్కెట్లోకి వచ్చి, ఆ తర్వాత గణనీయమైన మార్పులేవీ జరగని పరికరాలకు మాత్రం ఆ భద్రతా ప్రమాణాలు వర్తించవు. వాటిని నడుపుతున్నవారు అడ్మిన్ పేజీని ఇంటర్నెట్‌కు కనిపించకుండా మూసివేయాలి, వీలైతే వాటిని వేరే నెట్‌వర్క్‌లో పెట్టాలి, మద్దతు ముగిసిన వాటిని మార్చడానికి బడ్జెట్‌లో ఇప్పుడే చోటు కల్పించాలి.