సర్వీస్ ఎస్టిమేట్ గారికి నమస్కరించి రాయునది

మహారాజశ్రీ యాన్యువల్ సర్వీస్ ఎస్టిమేట్ గారి దివ్య సముఖానికి,

డాలస్ శివార్లలో ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారుకు ఓనరుగా చలామణీ అవుతున్న విధేయుడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు మొన్న నా ఈమెయిల్లోకి దయచేసి, మూడు పేజీల మేర కాళ్లు చాపుకుని కూర్చున్నారు గనక తమరి క్షేమం అడగక్కర్లేదు.

మొత్తం 3,900 డాలర్లు. కారులో చెడిపోయిందేమీ లేదని తమరే రెండో పేజీలో రాశారు. ఏమీ చెడిపోనందుకే ఇంతైతే, ఏదైనా చెడిపోయిన రోజున తమరు ఏ రూపంలో దర్శనమిస్తారో తలుచుకుంటేనే చేతులు వాటంతటవే జోడించుకుంటున్నాయి. కారు కంపెనీ పేరు ఈ ఉత్తరంలో రాయను. రాస్తే దానికీ ఒక లైను వేసి లేబర్ కలుపుతారు.

మొదటి పద్దు చూద్దాం. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్పు: 460 డాలర్లు. మామూలు కారుకు నాలుగైదు లీటర్ల ఆయిల్ సరిపోతే, ఈ మహాతల్లికి ఎనిమిది లీటర్లు దాటుతుంది, ఒప్పుకుంటాను. కానీ తమరు పోసే ఆ మొబిల్ వన్ జీరో డబ్ల్యూ ఫార్టీ ఆయిల్‌నే వాల్‌మార్ట్‌లో కూడా అమ్ముతారు. ఐదు క్వార్టుల డబ్బా, అంటే ఐదు లీటర్లకు కాస్త తక్కువ, పాతిక, ముప్పై డాలర్లు. రెండు డబ్బాలు, ఒక ఫిల్టరు, పాత ఆయిల్ దించే డ్రెయిన్ ప్లగ్గుకి ఒక అల్యూమినియం వాషరు. అన్నీ కలిపి వంద చుట్టుపక్కల తేలుతుంది. మిగతాది గంటకు రెండు వందల పైచిలుకు లేబరట. ఆ టైములో సింహభాగం కారు కింద ప్లాస్టిక్ పళ్లెం విప్పడానికీ, బిగించడానికీ పోతుంది. గాలి సాఫీగా జారిపోవాలని కంపెనీ వాళ్లు కారు పొట్ట మొత్తం మూసేశారు. గాలితో పాటు మా డబ్బూ సాఫీగానే జారుతోంది.

ఈ విద్యలో తమరి కంటే పై మెట్టు మీద ఉన్నవాళ్లు లేకపోలేదు. 1990ల నాటి ఫెరారీ ఎఫ్355నే తీసుకోండి. దానికి టైమింగ్ బెల్టు అని ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. కొన్నేళ్లకోసారి మార్చి తీరాలి. తెగితే పిస్టన్లు, వాల్వులు ఒకదాన్నొకటి కొట్టుకుని ఇంజిన్ ఖర్మ కాలుతుంది కాబట్టి ఈసారికి వదిలేద్దాం అనే వీల్లేదు. ఆ పట్టీ మార్చాలంటే ఇంజిన్ మొత్తాన్ని కారు కింది నుంచి బయటికి దించాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, అదీ వేల డాలర్ల కూలికి. తర్వాత వచ్చిన 360లో సీట్ల వెనక మూత తీసి బెల్టు అందుకునే ఏర్పాటు చేశారు. ఎఫ్430కి వచ్చేసరికి బెల్టే పీకేసి చెయిన్ పెట్టారు. చేతకాక కాదన్నమాట, అంతకుముందు మనసు రాలేదు.

ఇక బుగాటీ వేరాన్ సంగతి. ఆయిల్ తియ్యడానికి 16 డ్రెయిన్ ప్లగ్గులు విప్పాలి. ఒక్క ఆయిల్ మార్పుకు 20,000 డాలర్ల పైమాటేనని కార్ల పత్రికలన్నీ రాశాయి. ఆ కారు కొత్తగా వచ్చిన రోజుల్లో అదే డబ్బుకి సరికొత్త కరోలా ఇంటికొచ్చేది, ఆయిల్ పోసి మరీ.

మెక్‌లారెన్ ఎఫ్1 ఇంకో తీరు. 1990లలో తయారైన ఆ కారుకు సర్వీస్ చెయ్యాలంటే అప్పటి కంప్యాక్ ల్యాప్‌టాప్ ఒకటి కావాల్సి వచ్చేదట. దాని మీద తప్ప ఆ సాఫ్ట్‌వేర్ నడిచేది కాదు. కంపెనీ వాళ్లు ఆ పాత ల్యాప్‌టాప్‌లు ఎక్కడ దొరికితే అక్కడ కొని దాచుకుంటున్నారని 2016లో వార్త వచ్చినప్పుడు లోకమంతా నవ్వింది. నేను నవ్వలేదు. లెగసీ సిస్టమ్స్ అనే పాత సాఫ్ట్‌వేర్ల మెయింటెనెన్స్ మీదే ఇల్లు కట్టుకుని, పిల్లల్ని చదివించుకుంటున్నవాణ్ణి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు.

విడిభాగాల పేజీకి వద్దాం. తమరి కాగితంలో ప్రతి వస్తువుకీ ముందు 'జెన్యూన్' అని ఉంది. చాలా సంతోషం. చివరి రోజుల్లో లంబోర్గినీ డయాబ్లోకి హెడ్‌లైట్లు ఎక్కడివి? నిస్సాన్ 300జెడ్‌ఎక్స్‌వి. లోటస్ ఎలీజ్ అమెరికాకు వచ్చినప్పుడు దాని నడుమున కూర్చున్న ఇంజిన్ ఎవరిది? టొయోటాది. దాని ఆయిల్ ఫిల్టరు టొయోటా కౌంటర్‌లో అడిగితే అసలు ధరకే ఇస్తారు, మీది ఏ కారు అని అడగరు. పాలపుంతలో పుట్టినట్టు పోజు కొట్టే భాగాల్లో సగం ఏ బాష్ ఫ్యాక్టరీలోనో పుట్టి, డబ్బా మీద ఫెరారీ గుర్రమో లంబోర్గినీ ఎద్దో ఎక్కాక రేటు పెంచుకుంటాయి.

అయితే తమరి అసలు బలం ఇదేదీ కాదు. కారు ధర ఏటా దిగుతుంది, తమరు దిగరు. కొత్తలో లక్ష డాలర్లు పలికిన బండి పదేళ్లకు నలభై వేలకు కనిపిస్తే మాబోటి జీతగాళ్లకు ఆశ పుడుతుంది. ఒక ఆదివారం మా ఆవిడ మంచి మూడ్‌లో ఉన్నప్పుడు మాట కదుపుతాం, కొనేస్తాం. కానీ దాని బ్రేకులు లక్ష డాలర్ల కారు బ్రేకులే. టైర్లూ అంతే. వెనక టైర్లు రోడ్డు రోలరంత వెడల్పు. కార్బన్ సిరామిక్ బ్రేకు డిస్కులున్న కారైతే నాలుగూ మార్చడానికయ్యే డబ్బుతో ఇంకో కారు కొనుక్కోవచ్చు. ఏనుగును కొని అంకుశానికి వెనకాడకూడదని మా పెద్దలు చెప్పారు గానీ, అంకుశం ఏటా కొత్తది కొనాలని చెప్పలేదు.

పైగా నేను దీన్ని నడిపేది ఎంత! ఈ దేశం మొత్తం మీద ఎక్కువ స్పీడ్ లిమిట్ మా టెక్సస్‌లోనే ఉంది, 130వ నంబరు టోల్ రోడ్డు మీద గంటకు 85 మైళ్లు. ఈ కారు మూడో గేరులోనే దాన్ని దాటేస్తుంది. మిగతా గేర్లు ఇంతవరకు ఉద్యోగంలో చేరలేదు. ఏడాదికి రెండు వేల మైళ్లు తిరిగితే గొప్ప. తమరేమో మైళ్లో, నెలలో, ఏది ముందైతే అది అంటారు. మైళ్లు ఎప్పుడూ ముందు రావు. నిజమే, బ్రేక్ ఫ్లూయిడ్ కూర్చున్న చోటే గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకు మార్చాలి. దానితో నాకు పేచీ లేదు. కూర్చున్న కారుకు వైపర్ బ్లేడ్లు తనిఖీ చేసి, 'బాగున్నాయి' అని రాసినందుకు డబ్బులడగడమే మింగుడు పడటం లేదు.

కాబట్టి ఎస్టిమేట్ గారూ, ఈ శనివారం ఆయిల్ నేనే మార్చాను.

మామూలు జాకీ ఈ కారు కిందికి దూరదు. ముందు చెక్క దిమ్మెల మీదికి ఎక్కించి, పల్చటి జాకీ దూర్చి, నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరే మగానుభావులుంటే వాళ్లను తమరి దగ్గరికే పంపండి, పాపం 3,900 వాళ్లకు చవక. ఇంజిన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు ప్లగ్గు విప్పితే ఆయిల్ నల్లటి తాడులా దిగుతుంది. దిగి, సన్నబడి, చుక్కలయ్యేదాకా కారు కింద వెల్లకిలా పడుకోవడం నాకు ఈ వారానికి దొరికిన అసలైన విశ్రాంతి. మీటింగుల్లేవు. ఆవిడ మాత్రం వంగి చూసి, "అంత డబ్బు పెట్టి కొన్నది కింద పడుకోవడానికా?" అంది.

పాత ఫిల్టరు కాగితం మడతలు చాకుతో కోసి, ఒక్కొక్కటీ విప్పి ఎండలో పట్టుకుని చూశాను. లోహపు తళుకు ఉందా? అయస్కాంతానికి అంటుతోందా, లేదా? అంటితే ఇనుము, ఇంజిన్లో ఇనుప భాగమేదో అరుగుతున్నట్టు. అంటకపోతే అల్యూమినియం లాంటి వేరే లోహం. ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. తమరి వంద పాయింట్ల ఇన్‌స్పెక్షన్‌లో ఈ పాయింటు లేదండీ, వెతికి చూశాను. కొత్త వాషరు వేసి ప్లగ్గుని 50 న్యూటన్ మీటర్ల బిగువుకు బిగించాను. ఆ బిగువు కొలిచే టార్క్ రెంచి టక్కుమంది. అక్కడితో ఆపాలి. ఇంకో పట్టు పడదాం అనిపిస్తుంది, పట్టకూడదు. పాత ఆయిల్ డబ్బాల్లోకి పట్టి ఆటోజోన్ అనే విడిభాగాల షాపులో ఇచ్చేశాను, ఊరికే తీసుకున్నారు.

తెనాలి నుంచి నాన్న ఫోన్ చేస్తే చెప్పాను. ఆయన బజాజ్ చేతక్ మీద సర్వీసంతా వెళ్లదీసినవాడు. స్పార్క్ ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో గీకి, నోటితో ఊది, బండిని పక్కకు వంచి కిక్కు కొడితే ఆఫీసుకు టైముకి వెళ్లిపోయేవాడు. "ఆయిల్ మార్చడం కూడా ఓ వార్తేనట్రా?" అన్నాడు. తమరి మొత్తం చెబితే కాసేపు పలకలేదు. తర్వాత, ఆ కారులో ఎంతమంది పడతారని అడిగాడు. ఇద్దరని చెప్పలేక లైను సరిగా లేదన్నాను.

నా వైపు లెక్క కూడా చూపించాలి కదా. లేబర్‌లో మిగిలిన డబ్బు బ్యాంకులో ఏమీ పడలేదు. టార్క్ రెంచి, పల్చటి జాకీ, బ్రేకుల్లో పాత ఫ్లూయిడ్ దించే పంపు, కారు ఎర్రర్ కోడ్లు చదివే స్కానరు, ఇవన్నీ పెట్టుకోవడానికి సొరుగుల ఎర్ర పెట్టె, వీటికే పోయింది. పక్క వీధి మిత్రుడి పోర్షే జీటీ3 సంగతైతే ఇంకా ఘనం. చక్రానికి ఒకటే నట్టు, 600 న్యూటన్ మీటర్లకు బిగించాలి. మామూలు కారు నట్టుకు ఇందులో నాలుగో వంతు చాలు. ఆయన నా ఎత్తు పానా ఒకటి కొన్నాడు. ఆయన దాని మీద వేలాడుతుంటే వాళ్లావిడ లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఆ ఇంట్లో టైర్ల మార్పిడి రోజు వంట ఉండదు.

ఇప్పుడు తమరు భయపెడతారు, తెలుసు. వారంటీ పోతుందంటారు. ఇంట్లో ఆయిల్ మార్చుకున్నంత మాత్రాన వారంటీ రద్దు చెయ్యకూడదని ఈ దేశంలో 1975 నుంచీ చట్టం ఉంది, పేరు మాగ్నసన్ మాస్. నా కారు వారంటీ ఎప్పుడో కాశీకి పోయింది, అది వేరే సంగతి. అమ్మేటప్పుడు సర్వీస్ పుస్తకంలో డీలరు స్టాంపు లేకపోతే రేటు పడిపోతుందంటారు. ఈ ఒక్క దెబ్బ మాత్రం నిజంగానే తగులుతుంది. కొనేవాడికి స్టాంపు ముఖ్యం. ఆ బోల్టు బిగించినవాడు నిన్న చేరిన కుర్రాడా, ఎన్నేళ్ల మేస్త్రీనా అని స్టాంపు చెప్పదు, ఎవరూ అడగరు కూడా. నేను రసీదులు, పార్టు నంబర్లు, మీటరు ఫోటోలు, కోసిన ఫిల్టరు ఫోటోలతో సహా ఫైలు కట్టి పెట్టాను. కొనేవాడు దాన్ని చూసి, "స్టాంపు లేదా?" అంటాడు. ఐదు వేలు తగ్గించమంటాడు. తమరికి ఏటేటా ఇచ్చుకుంటూ పోయేదంతా కలిపితే, దానికన్నా అది తక్కువే.

షాప్ సప్లైస్ కింద 65 డాలర్లు వేశారు. గుడ్డపేలికలు మా ఇంట్లో ఉన్నాయి.

ఇట్లు,
తమరి విధేయ ఖాతాదారు

తా.క.: గురువారం వీల్ అలైన్‌మెంట్‌కి వస్తున్నాను. దానికి మెషీను నా దగ్గర లేదు, ఎర్ర పెట్టెలో పట్టదు. అలైన్‌మెంట్ ఒక్కటే చెయ్యండి, క్యాబిన్ ఫిల్టర్ చూపించడానికి దాన్ని ట్రేలో పెట్టుకుని రావొద్దు, పోయిన నెలే మార్చాను. వెయిటింగ్ రూమ్‌లో కాఫీ ఫ్రీ అని విన్నాను. రెండు కప్పులు తాగి, బిస్కట్లు జేబులో వేసుకుని వెళతాను.