నిమ్మకాయంత చింతపండు అంటే ఎంత?

మా అమ్మమ్మ చెబుతుంటే పిన్ని రాసుకున్న నోటుపుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. అందులో చేపల పులుసు నాలుగు వరుసల్లో అయిపోతుంది. నిమ్మకాయంత చింతపండు, గుప్పెడు ఉల్లిపాయలు, చాలినంత ఉప్పూ కారం. చివర ‘పొడి చల్లి దించాలి’ అని ఉంది. ఏ పొడో, ఎంత చల్లాలో, ఎప్పుడు దించాలో లేదు. రాసుకున్న రోజు పిన్నికి ఆ వివరాలతో పని లేదు, పొడి కొట్టిన రోలు పక్కనే ఉంది. అమ్మమ్మ పోయి పదేళ్లు దాటింది. పిన్నికీ ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు.

తాతమ్మల, అమ్మమ్మల వంటలను కాపాడుకోవాలన్న మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. మంచిదే. అయితే వేటిని కాపాడాలన్న దగ్గరే మనం పొరబడుతున్నామని నా అభిప్రాయం. నెల్లూరు చేపల పులుసుకు ఇప్పట్లో వచ్చిన ముప్పేమీ లేదు. హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ హోటళ్ల బోర్డుల మీద ఆ పేరు కనిపిస్తుంది. ముప్పు ఆ పేరు కింద ఉన్న ఇంటింటి పులుసులకు. ఒక ఇంట్లో పచ్చి మామిడికాయ ముక్కలు వేసి, ఆ మేరకు చింతపండు తగ్గిస్తారు. పక్కింట్లో ధనియాలు, మెంతులు, జీలకర్ర, ఆవాలు వేయించి కొట్టిన పొడి ఆఖరున చల్లుతారు. కొర్రమీనుకు ఒక లెక్క, బొమ్మిడాయిలకు ఇంకో లెక్క. ముక్క చిదిరిపోకుండా గరిటె పెట్టకుండా గుడ్డతో దాకను పట్టుకుని తిప్పడం, రాత్రి వండి పొద్దున తినడం మాత్రం చాలా ఇళ్లకు ఉమ్మడి. ఇప్పుడు ఫోనులో ఒకే పద్ధతి వస్తోంది. అది నెల్లూరు ఇళ్లలోకే తిరిగి వచ్చి, ‘అసలైనది ఇదేనట’ అనిపిస్తోంది. కోడలు అత్తగారిని అడగడం మానేసి ఫోను చూస్తోంది. అత్తగారు కూడా తనది తప్పేమో అనుకుంటోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

పేరుపడ్డ వంటలను కాపాడే ఏర్పాట్లు ఎలాగూ ఉన్నాయి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన ఉదయగిరి చెక్క చెంచాలకూ ఆ గుర్తింపు ఉంది. కానీ ఆ చెంచాతో ఫలానా ఇంట్లో కలిపిన బాలింత కారానికీ, జ్వరం తగ్గిన పిల్లవాడికి పెట్టిన పథ్యపు చారుకూ ఏ గుర్తింపూ రాదు. వాటిని ఏ హోటలూ వండదు. ఆ ఇంటివాళ్లు రాసుకుంటేనే ఉంటాయి.

మా అమ్మమ్మది కోవూరు వైపు, పెన్న కాలువల కింద వరి పండే ఊరు. నాయనమ్మది కనిగిరి వైపు మెట్ట ఊరు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల తాలూకాలను కలిపారు. కనిగిరి అలా నెల్లూరు నుంచి వెళ్లినదే. 2022లో జిల్లాలను మళ్లీ విడదీసినప్పుడు కందుకూరు నెల్లూరులోకి వచ్చింది. పొయ్యిల దగ్గర మాత్రం నీళ్లున్న ఊరికీ నీళ్లు లేని ఊరికీ ఉన్న తేడా అలాగే ఉంది. అమ్మమ్మ ఇంట్లో పెద్ద గిన్నెడు అన్నం, పులుసు. నాయనమ్మ ఇంట్లో సజ్జ సంకటి, వరిగ అన్నం, కందిపచ్చడి, గట్ల మీద గిల్లుకొచ్చిన చెంచలి కూర, గురుగు కూర.

ఈ మెట్ట వంటల గురించి అడిగితే మా నాయనమ్మ మొదట చెప్పలేదు. ‘అవి లేనప్పుడు తిన్నవి, ఇప్పుడెందుకమ్మా’ అంది. పండగ వంటలు గర్వంగా చెబుతారు, కరువు వంటలు దాచుకుంటారు. అందుకే అరిసెల గురించి పది నోటుపుస్తకాల్లో ఉంటుంది, వానలు లేని ఏడు పిల్లల కడుపు నింపిన కూర గురించి ఒక్కదాంట్లోనూ ఉండదు. నా దృష్టిలో ముందుగా రాసుకోవలసింది దాన్నే. గట్టు మీద మొలిచిన ఆకుల్లో ఏది తినాలో, ఏది ఎంతసేపు ఉడికించి వార్చాలో తెలిసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

రాసుకోవడంలోనూ ఒక చిక్కుంది. పాత కొలతలు మనకు పట్టుబడవు. గిద్ద, సోల, తవ్వ, మానిక అని పెద్దవాళ్లు అంటారు, కానీ ఆ సోల అన్ని ఊళ్లలోనూ ఒకటి కాదు. దేశమంతటికీ ఒకే తూనికలు, కొలతలు ఉండాలని 1956లో చట్టం వచ్చిందంటేనే అంతకుముందు ఎన్ని రకాలుండేవో ఊహించవచ్చు. ఇంట్లో ఆ సోల ఇంకా ఉంటే పారేయకుండా, బియ్యం నింపి ఒకసారి తూచి పెట్టుకోవాలి. పిడికెడు అన్నా అంతే. మా నాయనమ్మ పిడికెడు నా పిడికెడులో మూడు వంతులు కూడా లేదు. చింతపండు కొత్తదైతే రంగు తేలిక, పాతబడ్డకొద్దీ నలుపెక్కుతుంది, పులుపూ మారుతుంది. కాబట్టి నిమ్మకాయంత అని రాసినప్పుడు ఎంత బరువో, కొత్తదో పాతదో కూడా రాయాలి. బియ్యం పాతవైతే నీళ్లు ఎక్కువ పడతాయి. నెల్లూరు మొలగొలుకులు వండిన చేతికి తెలిసిన నీళ్ల లెక్క ఈనాటి బియ్యానికి సరిపోకపోవచ్చు.

కొలతల కన్నా విలువైనవి గుర్తులు. తెలుగులో వాటికి ఎంత చక్కని మాటలున్నాయో చూడండి: తీగపాకం, ఉండపాకం, దోరగా, జారుగా, బరకగా. అరిసెల పాకాన్ని నీళ్లలో వేస్తే చేతికి ఉండ కట్టాలి అన్న ఒక్క మాట ఏ కొలతకూ తీసిపోదు. మిక్సీలు, గ్యాసు పొయ్యిలు వచ్చినా ఈ మాటలు పని చేస్తాయి.

రుచులు మారిపోతుంటాయి, పోయేవి పోనివ్వండి అనే వాళ్లున్నారు. మారడం తప్పని నేనూ అనను. మిరపకాయా, టమాటా సముద్రాలు దాటి వచ్చినవే, మన పులుసు వాటిని కలుపుకుంది. కానీ మా పాతవాళ్లు ముందున్న రుచి నాలుక మీద ఉండగా మార్చుకున్నారు. మనం మార్చుకోవడం లేదు, పోగొట్టుకుంటున్నాం.

మొన్న సంక్రాంతికి కందిపచ్చడి నేర్చుకుందామని నాయనమ్మ దగ్గర కూర్చున్నాను. చెప్పమంటే ‘కందులు వేయించి, మిరపకాయలు వేయించి, జీలకర్ర, ఉప్పు వేసి నూరడమే’ అంది. అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. అప్పుడు నేనే మూకుడు పెట్టి వేయించడం మొదలుపెట్టాను, ఆమెను పీట మీద కూర్చుని చూడమన్నాను. ఇక మాటలు ఆగలేదు. ‘మంట తగ్గించు. గరిటె ఆపకు. కమ్మటి వాసన వచ్చిందని ఇంకా ఉంచితే మాడుతుంది, ఇనప మూకుడు దించాక కూడా వేయిస్తూనే ఉంటుంది. ఒక గింజ కొరుకు. పటుక్కుమందా? దించెయ్.’ పప్పు వేడిగా ఉండగా నూరితే ముద్ద జిగురవుతుందని, నీళ్లు చిలకరించాలే గానీ పోయకూడదని, ఉప్పు ఎక్కువైతే ఇంకాసిని కందులు వేయించి కలపాలని కూడా చెప్పింది. తను వండుతూ చెప్పలేనివన్నీ నా తప్పులు చూసి చెప్పింది. అందుకే పెద్దవాళ్లను వండమని వీడియో తీయడం కన్నా, వాళ్లను కూర్చోబెట్టి మనం వండడం మేలని నాకు అనిపిస్తోంది. చెడిపోతే ఎలా సరిచేస్తావని అడగడం మరచిపోకూడదు. మగపిల్లలూ ఆ పీట పక్కన ఉండాలి, రేపు వేరే ఊళ్లో ఒంటరిగా వండుకునేది వాళ్లు కూడా.

పచ్చడి నూరుతుంటే మాటల్లో అమ్మమ్మ నోటుపుస్తకం సంగతి వచ్చింది. ‘పొడి చల్లి దించాలి’ అన్న వరుస చదివి వినిపించాను. నాయనమ్మ కాసేపు ఆలోచించి, ‘మా వియ్యపురాలు ధనియాలు, ఆవాలు ముందు వేయించేది. మెంతులు మాత్రం పొయ్యి ఆర్పేశాక ఆ వేడికే వేసేది, చేదెక్కకుండా’ అంది. నలభై ఏళ్ల కిందట, మా అమ్మ పురిటికి వెళ్లినప్పుడు ఆ వంటింట్లో చూసిందట.

ఆ రాత్రే పిన్ని రాసిన వరుస కింద పెన్సిలుతో ఆ మాట రాశాను. మెంతులు ఎన్నో నాయనమ్మకూ తెలియదు. వచ్చే వారం అర చెంచాతో మొదలుపెట్టి చూస్తాను.