జనజీవన స్రవంతిలోకి ఒక ఫ్రీలాన్సరు

ఏ కంపెనీలోనూ చేరకుండా సొంతంగా బొమ్మలు, డిజైన్లు వేసుకుని బతికిన పదకొండేళ్ల అజ్ఞాతవాసం తర్వాత లొంగిపోయాను. ఒక డ్రాయింగ్ ట్యాబ్లెట్, అరిగిపోయిన నాలుగు నిబ్బులు, రెండు హార్డ్ డిస్కులు, వసూలు కాని పదిహేడు ఇన్వాయిసులు అప్పగించి జనజీవన స్రవంతిలో కలిశాను. పునరావాసం కింద ఒక చక్రాల కుర్చీ, మెళ్లో వేసుకునే కార్డు, ఆరోగ్య బీమా మంజూరయ్యాయి. ఇకమీదట రోజూ తొమ్మిదిన్నరకల్లా సీట్లో ఉంటానని రాతపూర్వకంగా హామీ ఇచ్చాను.

ఈ వార్త కళాలోకాన్ని కుదిపేస్తుందనుకున్నాను. 'స్వేచ్ఛను అమ్ముకున్నాడు' అని ఒక్కరైనా తిట్టకపోతారా అని రెండు రోజులు ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒకే ఒక్క కాల్ వచ్చింది. పాత క్లయింటు. "కంగ్రాట్స్ అండీ! జాయినయ్యే లోపు ఆ బ్రోచర్లో మూడో పేజీ ఒక్కటి మార్చి పెడతారా?" అన్నాడు. ఆ బ్రోచరు డబ్బులు నాకు ఇంకా రాలేదు. అయినా మార్చి పెట్టాను. చెయ్యి తిరిగిన అలవాటు మరి.

నేను వదులుకున్న స్వేచ్ఛ ఎంత గొప్పదో భావితరాల కోసం నమోదు చెయ్యడం నా ధర్మం. ఆ రోజుల్లో నా పైన బాసు లేడు. అందుకని అందరూ పైనే ఉండేవారు. క్లయింటు, క్లయింటు భాగస్వామి, 'తనకి డిజైన్ అంటే మంచి టేస్టండీ' అని పరిచయం చేసే బావమరిది. ఎప్పుడంటే అప్పుడు పని చేసుకోవచ్చు. ఆ 'ఎప్పుడంటే' అనేది ఎవరన్న మాట అన్న చోటే పేచీ. శనివారం రాత్రి పదకొండింటికి "సోమవారం పొద్దున్నకి చాలు, తొందరేం లేదు" అనేవారు. నూట రెండు జ్వరంతో ఆరోగ్య శిబిరానికి పోస్టరు వేసిన ఘనత నాది.

ఒక లోగో సంగతి చెబుతాను. నీలం రంగు, గుండ్రటి గుర్తు, కింద కంపెనీ పేరు. ఫైలు పేరు మొదట 'ఫైనల్'. తర్వాత 'ఫైనల్ 2', 'నిజంగా ఫైనల్', 'ఇదే ఆఖరు', 'ఆఖరు కొత్తది'. పంతొమ్మిదో విడతలో ఆయన మొదటిదే బాగుందన్నారు. కాకపోతే, "నీలం ఇంకొంచెం ధైర్యంగా ఉండాలండీ." ఆ నీలం వంక రెండు గంటలు చూశాను. పిరికిదానిలా ఏమీ కనిపించలేదు. చేసేది లేక ఫైలు పేరు మార్చి అదే మళ్లీ పంపాను. "చూశారా, ఇప్పుడు ఎంత ధైర్యం వచ్చిందో!" అని మురిసిపోయారు. ఆ ధైర్యం చెక్కు మీద సంతకం పెట్టడానికి మాత్రం సరిపోలేదు.

ఇన్వాయిసు మీద 'ముప్పై రోజుల్లో చెల్లించవలెను' అని రాసేవాణ్ని. ఏ ముప్పై రోజులో రాయకపోవడం నా పొరపాటే. మొదటి నెల 'అకౌంట్స్‌లో ఉంది'. రెండో నెల 'సంతకం పెట్టేవారు ఊళ్లో లేరు'. మూడో నెల నుంచి ఫోను ఎత్తితే ఒట్టు. చెప్పులు అరిగేలా తిరిగే రోజులు పోయి, వేళ్లు అరిగేలా మెయిళ్లు కొట్టే రోజులొచ్చాయి. 'జెంటిల్ రిమైండర్' అనే సాహిత్య ప్రక్రియలో నా అంత కృషి చేసినవారు అరుదు. కోపం పళ్ల మధ్య నొక్కిపెట్టి, 'మీరు క్షేమమని తలుస్తాను' అంటూ మొదలుపెట్టడం సామాన్యమైన విద్య కాదు. నిజం చెప్పాలంటే నేను చిత్రకారుణ్ని కాను. తీరిక వేళల్లో బొమ్మలు వేసుకునే వసూళ్ల గుమస్తాని.

పేరులోనే ఉంది తిరకాసు. వాల్టర్ స్కాట్ 1819 చివర్లో అచ్చువేసిన చారిత్రక నవలలో 'ఫ్రీ లాన్స్' అన్న మాట కిరాయి సైనికులకు వాడాడు. ఏ ప్రభువుకీ కట్టుబడని ఈటె అని దాని భావం. ఈటె ఫ్రీ అన్నారే గానీ యుద్ధం ఫ్రీ అనలేదు. మన క్లయింట్లు మొదటి మాట దగ్గరే చదవడం ఆపేశారు. 'డబ్బులదేముందండీ, మీకు మంచి పబ్లిసిటీ వస్తుంది' అని ఈటె పట్టుకున్న వాడి ముందు ఎవరైనా అని ఉంటారా?

ఉద్యోగం చేస్తే కళ చచ్చిపోతుందని బెదిరించేవారికి ఒక మాట. రచయిత కాఫ్కా 1908 నుంచి 1922 దాకా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో పనిచేశాడు. డ్యూటీ పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండింటి వరకు. ఆ వేళల్లో ఉద్యోగాలు ఎక్కడైనా ఖాళీ ఉంటే దయచేసి నాకు చెప్పండి. కవి ఎలియట్ 1917లో లండన్‌లోని లాయిడ్స్ బ్యాంకులో చేరాడు. పాపం బ్యాంకులో మగ్గిపోతున్నాడని 1922లో సాటి కవి ఎజ్రా పౌండ్ చందాలు పోగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఎలియట్ మాత్రం 1925 దాకా కుర్చీ వదల్లేదు. చందాల మీద బతకడమంటే ఏమిటో బ్యాంకులో పనిచేసేవాడికి తెలియదా! కవి వాలెస్ స్టీవెన్స్ అయితే 1934 నుంచి బీమా కంపెనీకి వైస్ ప్రెసిడెంటు. అందులోనే కవిత్వం రాసుకుంటూ పోయాడు. నాకు చందాలు పోగుచేస్తానని ఇంతవరకు ఎవరూ రాలేదు. వస్తే మొహమాటపడకుండా తీసుకుంటాను.

ఇక మొదటి జీతం. నెలాఖరు రోజు పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ కంపెనీకి జెంటిల్ రిమైండర్ రాయడం మొదలుపెట్టాను. 'మీరు క్షేమమని తలుస్తాను' దాకా వచ్చాను. ఫోను గుయ్యిమంది. డబ్బులు పడ్డాయి. మొత్తం, ఒక్క రూపాయి తగ్గకుండా, అడక్కుండానే. నాకు చాలా అవమానంగా అనిపించింది. పదకొండేళ్లుగా పదును పెట్టుకున్న విద్యని ఒక్క ఎస్సెమ్మెస్‌తో పూచికపుల్లలా తీసిపారేశారు. (ఇక్కడ జీతానికీ జీవితానికీ ప్రాస కలపమని చెయ్యి దురదపెట్టింది. ఆపుకున్నాను.)

సృజన అడుగంటిపోతుందన్న భయం కూడా తీరిపోయింది. వారం వారం టైంషీట్ నింపాలి. నలభై గంటలు ఏం చేశానో అరగంట లెక్కన చెప్పాలి. పని ఎంత సమయం ఇస్తే అంతకీ సాగుతుందని పార్కిన్సన్ అనే రచయిత 1955లోనే చెప్పాడు గానీ, సాగిన భాగానికి పేర్లు ఎవరు పెట్టాలో చెప్పలేదు. ఆ బాధ్యత నాది. 'సమన్వయం' రెండు గంటలు. 'అంతర్గత సమీక్ష' గంటన్నర. 'రిసోర్సుల సర్దుబాటు', అంటే ప్రింటరులో కాగితం ఇరుక్కోవడం, అరగంట. ఇంత స్వచ్ఛమైన కల్పన నేను ఏ బొమ్మలోనూ చెయ్యలేదు. పైగా, రెండో విడత మార్పులు అడిగేవారే లేరు. ఎందుకంటే ఎవరూ చదవరు.

నా క్యూబికిల్, అంటే ఆఫీసులో పొట్టి గోడల మధ్య నాకిచ్చిన చోటు, కూడా కళాఖండమే. రాబర్ట్ ప్రాప్స్ట్ అనే ఆయన ఉద్యోగి స్వేచ్ఛగా కదలాలని, తన చోటు తనే మలుచుకోవాలని తలచి, విప్పి మార్చుకునే గోడల పద్ధతి తయారుచేస్తే 1968లో అమ్మకానికి వచ్చింది. కంపెనీలు గోడలు కొన్నాయి, స్వేచ్ఛ ఖర్చెక్కువని వదిలేశాయి. తర్వాత ఆయనే బాధపడ్డాడు. నేను మాత్రం ఆ గోడకి నా పాత బొమ్మ ఒకటి పిన్ను గుచ్చుకున్నాను. దాని పక్కనే అగ్నిప్రమాదం జరిగితే ఎటు పరిగెత్తాలో చూపే పటం ఉంది. చూసేవాళ్లంతా పటాన్నే చూస్తారు.

నాలుగో నెలలో నన్ను నమ్మి ఒక బాధ్యత అప్పగించారు. బయట డిజైనర్ల బిల్లులు ముందు నా దగ్గరికి రావాలి, నేను 'ఓకే' అంటేనే అకౌంట్స్‌కి వెళ్లాలి. మొన్న ఒక కుర్రాడి మెయిల్ వచ్చింది. సబ్జెక్టు 'జెంటిల్ రిమైండర్'. 'మీరు క్షేమమని తలుస్తాను సార్' అంటూ మొదలైంది. శైలి చూడగానే కళ్లు చెమర్చాయి. పళ్ల మధ్య కోపం ఎంత చక్కగా నొక్కాడో! బిల్లు తేదీ చూస్తే యాభై రెండు రోజులైంది. ఓకే నొక్కుదామని వేలు పెట్టేసరికి మేనేజరు నిలబడి ఉన్నాడు, లంచ్‌కి వస్తావా అని. వచ్చాక చూద్దాంలే అనుకున్నాను. వచ్చాక సమన్వయం ఉంది.

సాయంత్రం కుర్రాడే ఫోన్ చేశాడు.

"అకౌంట్స్‌లో ఉందమ్మా, ప్రాసెస్‌లోనే ఉంది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, నిండుగా వినిపించింది. ఎటూ లైన్లో ఉన్నాడు కదా అని ఇంకో మాట కూడా అడిగాను.

"ఆ లోగోలో నీలం ఉంది చూడు... ఇంకొంచెం ధైర్యంగా చెయ్యగలవా?"