తాళం వేసిన బీరువాకు ఆకుపచ్చ రంగు

గత జనవరిలో ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి వెళ్ళినప్పుడు రెండు బళ్ళు చూశాను. ఆరేళ్ళ కిందట ఆ రెండు చోట్లా ఈ పత్రిక వేసే మన సంఘం, దాతలిచ్చిన డబ్బుతో తెలుగు గ్రంథాలయాలు పెట్టింది. ఒక్కో బడికి 600 పుస్తకాలు, ఒక ఇనుప బీరువా, ఒక స్టాకు రిజిస్టరు.

మొదటి బడి పట్టణానికి దగ్గరలోనే ఉంది. హెడ్మాస్టరు గారు కుర్చీ వేయించి, టీ తెప్పించి, సొరుగులోంచి చిన్న గుడ్డ సంచి తీశారు. తాళం చెవి అందులో ఉంది. బీరువా తెరిచేసరికి కొత్త కాగితం వాసన గుప్పుమంది. పుస్తకాలన్నీ వరుస తప్పకుండా నిలబడి ఉన్నాయి. బొమ్మల కథల పుస్తకం ఒకటి తీసి తెరిచాను. ప్రెస్సులో సరిగా కోయని రెండు పేజీలు అంచు దగ్గర ఇంకా అతుక్కునే ఉన్నాయి. ఆరేళ్ళలో ఆ పేజీల మధ్యకు ఒక్క వేలు కూడా వెళ్ళలేదు.

"ఒక్కటి కూడా పోలేదమ్మా. ఆరు వందలకు ఆరు వందలూ ఉన్నాయి, లెక్క చూసుకోండి" అన్నారాయన. ఆ గొంతులో నిజమైన తృప్తి ఉంది.

రెండో బడి కాశీనగర్ వైపు, వంశధారకు దగ్గరలో ఉంది. అక్కడి బీరువాకు తాళం లేదు, అరల్లో చాలాచోట్ల ఖాళీలు. మిగిలినవాటిలో చాలావాటికి అట్టలు ఊడిపోతే పిల్లలు పాత క్యాలెండరు కాగితాలతో అట్టలు వేసుకున్నారు. ఏడో తరగతి పాప ఒకతె నాకోసం ఒక కథ చదివింది. పదకొండో పేజీ తర్వాత పుస్తకం లేదు. ఆమె ఆగలేదు, మిగతా కథంతా నోటితోనే చెప్పేసింది. చివరి పేజీలు లేవు కదా, నీకెలా తెలుసు అని అడిగితే, "చిరగకముందే చదివాను మేడం" అంది.

మన వార్షిక నివేదికలో మొదటి బడికి ఆకుపచ్చ గుర్తు వచ్చింది. రెండో బడికి పసుపుపచ్చ వచ్చింది. 143 పుస్తకాలు పోయాయని, నిర్వహణ సరిగా లేదని రాసి, ఆ మరుసటి ఏడు కొత్త పుస్తకాలిచ్చే బళ్ళ జాబితాలోంచి దాని పేరు తీసేశాం.

ఆ ఫారం తయారుచేసింది నేను. ఎన్ని పుస్తకాలు అందాయి, ఎన్ని ఉన్నాయి, ఎన్ని పోయాయి, ఎన్ని చిరిగాయి, బీరువా బాగుందా, బడిలో పిల్లలెందరు అని గడులు గీశాను. ఎవరైనా చదివారా అన్న గడి గీయలేదు. పిల్లలెందరు అన్న గడిలోని అంకెను తీసుకుని నివేదికలో లబ్ధిదారుల సంఖ్యగా వేశాం. తాళం తీయని బీరువా ముందు నుంచి రోజూ నడిచి వెళ్ళే పిల్లలందరూ మన లెక్కలో లబ్ధిదారులయ్యారు.

హెడ్మాస్టరు గారిని నేను తప్పుపట్టను. పుస్తకం పోతే జవాబు చెప్పవలసింది ఆయనే. మనం ఆయనను అడిగింది పుస్తకాలు భద్రంగా ఉన్నాయా అని. ఆయన భద్రంగా ఉంచారు. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ ఈ సంగతే పట్టుకున్నాడు: ఒక అంకెను పట్టుకుని మనుషులను నడిపించబోతే, అంతవరకూ ఆ అంకె చెబుతూ వచ్చిన నిజం దానిలోంచి జారిపోతుంది. ఆయన మాట నాకు ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే తెలుసు. అది ఆ బీరువా ముందు నిలబడ్డాకే నాకు అర్థమైంది.

ఉద్యోగంలో నా పని ఇదే. ఒకేసారి నడిచే పదుల కొద్దీ ప్రాజెక్టులను ఒక పట్టికలో పెట్టి, ఏది ముందుంది, ఏది వెనకబడింది, దేనికి మనుషులనివ్వాలి అని పైవారికి చెప్పాలి. ఈ రంగంలో మంచి ఆలోచనలకు కొదవ లేదు. 1992లో రాబర్ట్ కప్లాన్, డేవిడ్ నార్టన్ అనే మేనేజ్‌మెంటు నిపుణులు ఒక పద్ధతి ప్రతిపాదించారు. డబ్బు లెక్క పక్కనే వినియోగదారు ఏమంటున్నాడు, లోపలి పని ఎలా సాగుతోంది, సంస్థ కొత్తగా ఏం నేర్చుకుంటోంది అన్నవి కూడా చూడాలన్నారు. చాలా కంపెనీలు దాన్ని తీసుకున్నాయి. అయినా పని ఒత్తిడి పెరిగేసరికి అన్నీ పక్కకు పోయి, సులువుగా లెక్కపెట్టగలిగిన అంకె ఒక్కటే బల్ల మీద మిగలడం నేను ఎన్నోసార్లు చూశాను. మన సంఘంలోనూ జరిగింది అదే. గ్రంథాలయాలు, రాయగడ కొండల్లో చేతిపంపులు, కంటి శిబిరాలు, కుట్టు శిక్షణ అన్నిటినీ ఒకే పట్టికలోకి తెచ్చి, అన్నిటికీ ఒకే గడి గీశాం. దాని పేరు లబ్ధిదారులు.

మా తాతగారి కళ్ళంలో ధాన్యం కొలిచే రోజు నాకు గుర్తుంది. కొలిచే మనిషి మొదటి కుంచానికి 'ఒకటి' అనడు, 'లాభం' అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు. అదే కళ్ళం పక్కన బెల్లం తూకానికి వెళ్ళేది, సంతలో గుడ్డ మూరకు వచ్చేది. ధాన్యాన్ని మూరతో కొలవడం, గుడ్డను కుంచంతో కొలవడం ఎవరికీ తట్టని పని. ఏ వస్తువుకు ఏ కొలత తగునో అక్షరం రానివారికి కూడా తెలుసు. మనం మాత్రం కంటి ఆపరేషనునూ కథల పుస్తకాన్నీ ఒకే కుంచంతో కొలిచి, కూడిక వేసి, వచ్చిన మొత్తాన్ని పత్రిక అట్ట మీద అచ్చు వేస్తున్నాం.

మరి వేర్వేరు ప్రాజెక్టులను పోల్చడం ఎలా అని అడుగుతారు. పోల్చాలి కూడా. డబ్బు పరిమితం, అడిగేవారు ఎక్కువ. ఇందుకు మన జిల్లాల్లోనే ఒక నమూనా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2018 జనవరిలో ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమం మొదలుపెట్టింది. దేశంలో 112 జిల్లాలు, 49 సూచికలు. ఒడిశా నుంచి గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి అందులో ఉన్నాయి. మహారాష్ట్ర వైపు మన తెలుగువారు ఉండే సిరోంచ ఉన్న గడ్చిరోలి కూడా ఉంది. ఈ కార్యక్రమంలో నాకు నచ్చింది ఆ 49 అంకెలు కాదు. గజపతి జిల్లాను ఏ సంపన్న జిల్లా పక్కనో నిలబెట్టి తక్కువ చేయకుండా, నిన్నటి గజపతి నుంచి ఇవాళ ఎంత కదిలింది అని చూశారు. ర్యాంకులు ఆ కదలికకే ఇచ్చారు. జిల్లాలు తమ గురించి తాము ఇచ్చుకున్న అంకెలతో సరిపెట్టుకోకుండా బయటి సంస్థలతో ఇంటింటి సర్వే కూడా చేయించారు. ఎంత నిజాయితీపరులైనా ఎవరి పరీక్ష పేపరు వారే దిద్దుకోకూడదు. నెలనెలా ర్యాంకు ఇస్తే అధికారులు నెలలో మారే అంకెల వెంటే పరుగెడతారన్న భయం నాకుంది. అయినా ఎవరి గతంతో వారినే పోల్చడమన్న ఆ ఒక్క సూత్రం మనం తీసుకోదగినది.

ఎంతకాలానికి కొలవాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి వేయించిన చిన్న రైలు 1900లో నడక మొదలుపెట్టింది. తొలి ఏళ్ళలో నష్టాలే వచ్చాయి. 1910 తర్వాత కొద్దిగా లాభాలు కనిపించాయి, 1920ల మధ్య నుంచి పెరిగాయి. అప్పుడే గుణుపూర్ వరకు లైను పొడిగించి 1931 నాటికి పూర్తి చేశారు. మన నివేదికల్లాగా మొదటి ఏడాది చివర రంగు వేసి ఉంటే ఆ రైలుకు ఎరుపే పడేది, పట్టాలు పీకేసేవారు. మా అమ్మ కాపురానికి వచ్చింది ఆ రైలులోనే.

ఏది అడిగితే అదే పెరుగుతుందన్నది మన ఊరికి కొత్త పాఠం కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలోనే బడిపంతులు. సవరలనే కొండజాతి వారి భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలోనే వాచకాలు రాసి, బళ్ళు పెట్టి చదివించిన మనిషి. 1910లలో ఇంటర్మీడియట్ పరీక్షలో తెలుగు వ్యాసం గ్రాంథికంలోనే రాయాలా, వాడుక భాషలో రాయవచ్చా అని పెద్ద వాదం నడిచింది. రెండు పక్షాలూ అంత పట్టుదలగా పోరాడింది మార్కుల కోసం కాదు. పరీక్షలో దేనికి మార్కులు వేస్తారో దాన్నే బడిలో చెబుతారని, బడిలో చెప్పిందే రేపటి భాష అవుతుందని ఇద్దరికీ తెలుసు.

అసలు లెక్కలే వద్దు, నమ్మకంతో ఇద్దాం అనే మిత్రులు కొందరున్నారు. వారితో నేను ఏకీభవించను. లెక్క లేనిచోట గట్టిగా మాట్లాడగలిగినవాడికే డబ్బు వెళుతుంది. కాశీనగర్ దగ్గరి ఆ బడికి గట్టిగా మాట్లాడేవారు ఎవరూ లేరు. వారికి లెక్కే దిక్కు. కాకపోతే సరైన లెక్క కావాలి. పల్లె పిల్లల చదువు మీద 2005 నుంచి జరుగుతున్న 'అసర్' సర్వేను చూడండి. ఒక వాలంటీరు ఇంటికి వెళ్ళి, అక్షరాలు, మాటలు, చిన్న పేరా, చిన్న కథ ఉన్న కాగితం పిల్లల చేతిలో పెట్టి చదవమంటాడు. కొన్ని నిమిషాల పని. బడిలో పేర్లు దాదాపు అందరివీ ఉన్నా, గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో సుమారు సగం మందే రెండో తరగతి పాఠం చదవగలుగుతున్నారని 2018 సర్వేలో తేలింది ఆ కాగితం వల్లే.

మార్చి సమావేశంలో నేను పెట్టబోయే ప్రతిపాదన ఇది. లబ్ధిదారుల మొత్తం అన్న అంకెను ఇకమీదట అచ్చు వేయవద్దు. ప్రతి ప్రాజెక్టుకూ ఒక్క ప్రశ్న ఉండాలి, దాన్ని వాడుకునేవారే చెప్పాలి, ఏటేటా అదే ప్రశ్న అడగాలి. చేతిపంపు గురించి రాయగడ కొండల్లో నీళ్ళు మోసే ఆడవాళ్ళను అడిగితే, ఎన్ని బోర్లు వేశారన్నది వాళ్ళకు అక్కర్లేదు. ఎండాకాలంలో నీళ్ళు వస్తున్నాయా, పాడైతే ఎన్నాళ్ళకు బాగుచేశారు అన్నదే వాళ్ళ ప్రశ్న. కంటి ఆపరేషనైన ముసలమ్మ సూదిలో దారం ఎక్కించుకోగలుగుతోందా అని ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని చూడాలి. మనం ఇచ్చే ప్రతి 100 రూపాయల్లో 10 రూపాయలు మూడేళ్ళ తర్వాత తిరిగి వెళ్ళి చూడడానికి పక్కన పెట్టాలి. చూసేది ఆ ప్రాజెక్టు పెట్టినవారు కాకూడదు, నాతో సహా. ఆ డబ్బుతో ఇంకో బోరు వేయవచ్చు కదా అని కార్యవర్గంలో అంటారు. నీళ్ళు రాని బోర్లకు ఇంకొకటి జత చేయడం కంటే ఉన్నవాటిని చూసి రావడమే నాకు పుణ్యంగా తోస్తుంది. విఫలమైన ప్రాజెక్టు గురించి కూడా ఇదే పత్రికలో ఒక పేజీ రాద్దాం. దాతలు పారిపోతారని నేను అనుకోను. వాళ్ళలో చాలామంది ఆ ఊళ్ళవాళ్ళే.

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది. పాతపట్నం ఇటు ఉండిపోయింది. అటువైపు పిల్లల్లో ఎంతోమందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రెండూ తియ్యని భాషలే, రెండూ వాళ్ళవే. కానీ వాళ్ళలో చాలామందికి చేతిలోకి వచ్చే తెలుగు అచ్చు కాగితం ఆ బీరువాలోనిదొక్కటే. దానికి తాళం పడేలా ప్రశ్న అడిగినందుకు ఆ పిల్లలకు నేను ఆరేళ్ళు బాకీ పడ్డాను.

పోయిన ఆ 143 పుస్తకాల జాబితా రెండో బడి మాస్టారి దగ్గర ఉంది, సంజాయిషీ కోసం మనమే రాయించాం. దాన్ని అడిగి తెచ్చుకున్నాను. పిల్లలకు ఏ పుస్తకాలు కావాలో ఇంతకంటే బాగా చెప్పే కాగితం మన దగ్గర ఇంకొకటి లేదు. జాబితాలో ఉన్న ప్రతి పుస్తకాన్నీ రెండేసి ప్రతులు కొన్నాను. ఒక కట్ట కాశీనగర్ వైపు, ఒక కట్ట హెడ్మాస్టరు గారి బడికి. పోతే పోనివ్వండి మాస్టారూ, చిరిగితే మళ్ళీ పంపుతాం అని ఆయనకు ఉత్తరం రాసి కట్టలోనే పెట్టాను. స్టాకు రిజిస్టరు మాత్రం పెట్టలేదు.