మెడలో దీపం, చేతిలో ఫారం

బెంగళూరులో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని ఎట్టకేలకు ఒక స్టార్టప్ కనిపెట్టింది. మందు కూడా తయారుచేసింది. మెడలో వేసుకునే రూపాయి బిళ్ళంత పరికరం. మీ ఇష్టాలేవో అందులో ఎక్కిస్తే, అవే ఇష్టాలున్న మరో మెడ పది మీటర్ల లోపలికి రాగానే రెండు బిళ్ళలూ వెలిగి వణుకుతాయి. ఆపైన మీరు స్నేహితులైపోవాలి. బజార్లోకి వదిలే ముందు జనం మాట వినాలని మారతహళ్ళిలో మన తెలుగువాళ్ళుండే ఒక పీజీకి నమూనాలు పంపారు. జనం మాట వినాలనే కోరిక ప్రభుత్వాలకే లేని రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఐదుగురితో వాడించి చూస్తే డిజైన్‌లోని లోపాలు 85 శాతం దాకా బయటపడతాయని వస్తువుల వాడుక తీరును పరిశీలించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. కంపెనీ సరిగ్గా ఐదుగురినే ఎంచుకుంది. నలుగురు ఒకే గదివాళ్ళు, ఐదోవాడు ఉద్యోగం వెతుక్కుంటూ అదే గదిలో చాప మీద పడుకుంటున్నవాడు. దాంతో బిళ్ళలు ఒకదాన్నొకటి చూసుకుని రాత్రంతా వెలుగుతూనే ఉన్నాయి. కుర్రాళ్ళు వాటిని బీరువాలో బట్టల కింద కుక్కారు. నివేదికలో మాత్రం ‘రోజుకు 24 గంటల వాడకం, ఎంగేజ్‌మెంట్ అద్భుతం’ అని ఎక్కింది. బిళ్ళ అబద్ధమాడదు కదా.

ఒకడు ధైర్యం చేసి 500డి బస్సులో వేసుకెళ్ళాడు. బిళ్ళ వెలిగింది. ఆ రద్దీలో ఎవరి మెడను చూసి వెలిగిందో ఎలా తెలుస్తుంది? సిల్క్ బోర్డు వచ్చేదాకా వెతికాడు, దొరకలేదు. (ఆ రూట్లో పట్టే సమయానికి స్నేహమేమిటి, సంబంధమే కుదరాలి.)

ఇక అభిప్రాయాల ఫారం. మనస్తత్వవేత్త రెన్సిస్ లైకర్ట్ 1932లో ఇచ్చిపోయిన, ఒకటి అంటే బొత్తిగా కాదు, ఐదు అంటే బ్రహ్మాండం అనే ఐదు మెట్ల కొలబద్ద మీద ప్రశ్నలన్నీ చక్కగా పేర్చారు. గొలుసు పొడవు నచ్చిందా, వణుకు మెత్తగా ఉందా, దీపం రంగు ఎలా ఉంది? ‘ఇది నాకు వద్దు’ అనే గడి లేదు. ఉండకూడదు కూడా. వద్దన్నవాడికి గొలుసు పొడవుతో పనేమిటి? పైగా ఫారం నింపించే అమ్మాయి బిర్యానీ కూపన్లు పంచిపెట్టి ఎదురుగానే కూర్చుంది. పప్పులో ఉప్పెక్కువైందని పెళ్ళికూతురి తండ్రి మొహం మీదే అనేవాళ్ళు మనలో ఎంతమంది? అందరూ నాలుగుకి తగ్గకుండా వేశారు.

నోటిమాటగా చెప్పినవి ఇంకా విలువైనవి. “మా మేనేజర్ దగ్గరికొస్తుంటే మోగుతుందా? అయితే ఇప్పుడే కొంటా” అన్నాడొకడు. ఉద్యోగానికి రెఫరల్ అడిగేవాళ్ళు మలుపు తిరక్కముందే చెప్పాలని ఇంకొకడు. పీజీ నడిపే నెల్లూరు అక్కకి అందరికంటే స్పష్టత ఉంది. “అద్దె కట్టకుండా వెనక మెట్లమీద జారుకుంటుంటే మోగుద్దా అమ్మాయ్?” అడిగినవాళ్ళలో సగానికి తప్పించుకునే యంత్రం కావాలి, అక్కకి పట్టుకునేది. స్నేహం కావాలన్నవాళ్ళు లేరు. కంపెనీ దీన్ని ‘చుట్టుపక్కల ఎవరున్నారో తెలుసుకోవాలన్న ఆసక్తి బలంగా ఉంది’ అని రాసుకుంది. ఒక్క అక్షరం తప్పు పట్టగలరా?

గిట్టనివాళ్ళు చరిత్ర తవ్వుతారు. జపాన్‌లో 1998లోనే లవ్‌గెటీ అని బుల్లి యంత్రం వచ్చింది. ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి, దగ్గరికొస్తే కూసేవి. కబుర్లకొక మీట, కరవోకేకొక మీట. కొన్నాళ్ళ వెర్రి, తర్వాత ఎవరికీ గుర్తులేదు. చొక్కాకి తగిలించుకునే 699 డాలర్ల హ్యుమేన్ ఏఐ పిన్ 2024లో వచ్చి, 2025 ఫిబ్రవరికల్లా పనిచేయడం మానేసింది. కెమెరా ఉన్న కళ్ళజోడు, 1500 డాలర్ల గూగుల్ గ్లాస్‌నైతే పెట్టుకుని రావద్దని సియాటిల్‌లో ఒక బార్ 2013లోనే ప్రకటించింది. అయితే ఆ బార్‌ని ఎవరు అభిప్రాయం అడిగారు? ఫారం ఇవ్వలేదు, కూపన్ ఇవ్వలేదు. పెట్టుకున్నవాడికి ఎదురుగా నిలబడేవాళ్ళు వినియోగదారులు కారు, వాళ్ళ మాటను లెక్కలోకి తీసుకోవడం శాస్త్రసమ్మతం కాదు.

నీలం దీపం వల్ల నిద్రపట్టడం లేదని, ఆపేసే మీట ఒకటి పెట్టమని కుర్రాళ్ళు ఫారం అట్టడుగున రాశారు. కంపెనీ వెంటనే స్పందించింది. కొత్త నమూనాలో దీపం ఆకుపచ్చగా వెలుగుతుంది.