పార్కు సీను గురించి

'ఇన్ బ్రూజ్' (2008) సినిమా మీద వచ్చిన వ్యాసంలో దాన్ని వట్టి గ్యాంగ్‌స్టర్ కామెడీ అని తేల్చేశారు. ఒప్పుకోలేను. కిరాయి హంతకుడు రే (కోలిన్ ఫారెల్) చర్చిలో ఫాదర్‌ని కాల్చితే ఓ తూటా అక్కడున్న పసివాడికీ తగులుతుంది. వాడి చేతిలోని చీటీలో ఫాదర్ ముందు ఒప్పుకోవడానికి రాసుకున్న పాపాల లిస్టు, అందులో 'లెక్కలు రావు' అనేది కూడా ఒక పాపమే! నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇక పార్కు సీను. రేను చంపడానికి అతని తోటి హంతకుడు కెన్ (బ్రెండన్ గ్లీసన్) వెనకనుంచి తుపాకీ పట్టుకుని వస్తాడు. తీరా చూస్తే రే తన తలకే గురిపెట్టుకుని ఉంటాడు. చంపడానికి వచ్చినవాడే కంగారుపడి ఆపుతాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు నిలదీసుకోవడం మరీ విడ్డూరం. కోలిన్ ఫారెల్‌కి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, సరే. నన్నడిగితే బ్రెండన్ గ్లీసన్ ఒక మెట్టు పైనే. బూతులు మాత్రం దండిగా ఉన్నాయి, పిల్లలతో కూర్చుని చూడకండి.